ముహూర్తం నాటి సముద్రం

సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతులు చెప్పడం నా మొదటి ఉద్యోగం. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం కోపం లేదు. హైదరాబాదు ఖాజాగూడలో నాకు గది కిరాయికిచ్చిన ఇంటావిడ కూడా నవ్వింది. ఏం పని చేస్తావని అడిగితే, రేపు సముద్రం ఎలా ఉంటుందో, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తుందో ఫోన్లో చెప్పే పని అన్నాను. ఆవిడ తల తిప్పి చెరువు వైపు చూసింది. తొంభైల చివర్లో ఒక ఎండాకాలం అది. చెరువులో గేదెలు పడుకోవడానికి సరిపడా నీళ్ళే ఉన్నాయి, చుట్టూ బండలు కాలిపోతున్నాయి.

"గీ చెర్ల రేపు నీళ్ళుంటయో లేవో చెప్పెటోడు దిక్కులేడు బిడ్డా, మీరు సముద్రం ముచ్చట చెప్తరా?" అంది.

వెటకారం చేసిందనుకుని ముఖం ముడుచుకున్నాను. నాకు అప్పుడు ఉద్యోగం వచ్చిందన్న పొగరు ఉండేది. ఆ పొగరుకు కారణం కూడా ఉంది. కాకినాడకు దిగువన ఒడ్డునే ఉన్న మా పేటలో వేటకు వెళ్ళని ఇల్లు లేదు, నేను తప్ప డిగ్రీ చదివిన ఆడపిల్లా లేదు. మా నాన్న వేటకే వెళ్ళాడు. మా అక్కను చేసుకున్న బావా వేటకే వెళ్ళేవాడు. నన్ను మొదటిసారి హాస్టల్లో దిగబెట్టింది బావే. నా ట్రంకుపెట్టె తలమీద పెట్టుకుని వచ్చాడు. ఎండుచేపల వాసన వస్తోందని వార్డెనమ్మ ముక్కు మూసుకుంటే, "వాసన నాదండి, పిల్లది కాదు" అన్నాడు. నిజానికి వాసన నా పెట్టెలోదే, అక్క కట్టిచ్చిన పొట్లంలోది. అలాంటి మనిషి మా బావ. ఈ రాసేదంతా ఆయన గురించే, మిగతాదంతా దండగమారి సరంజామా.

మాదాపూర్లో బండలు పేల్చి అద్దాల భవనాలు లేపుతున్న రోజులవి. రోజూ మధ్యాహ్నం డాం, డాం అని మోగేది, కిటికీలు అదిరేవి. మా కంపెనీకి అద్దాల భవనంలో చోటు దొరకలేదు. వెనక సందులో ఒక రెండంతస్తుల ఇల్లే మా ఆఫీసు. మా సారు రాయలసీమ మనిషి, భూముల బేరాల నుంచి సాఫ్ట్‌వేరులోకి దిగాడు. మంచివాడని అందరూ అనేవారు, నేనూ అన్నాను. ప్రతి కంప్యూటరుకూ పసుపూ కుంకుమా బొట్లుండేవి. కొత్త ప్రింటరు వస్తే కొబ్బరికాయ కొట్టాల్సిందే. మంగళవారం ఎవరూ కొత్త పని ముట్టుకోకూడదు. ఒకసారి సర్వరు పాడైతే బాగు చేయడానికి వచ్చిన కుర్రాణ్ణి రాహుకాలం పోయేదాకా బయట బెంచీమీద కూర్చోబెట్టాడు. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం. అది నవ్వే విషయం కాదని తరవాత తెలిసింది.

ఆయనకు సర్కారు వాళ్ళ దగ్గర ఒక పని దొరికింది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఒక నంబరుకు ఫోను చేస్తే రేపటి సముద్రం ఎలా ఉంటుందో తెలుగులో వినపడాలి. వినిపించేది మనిషి కాదు, యంత్రం. ఆ యంత్రానికి గొంతు మాత్రం నాది. మా తీరం నుంచి వచ్చినదాన్ని కనక నన్నే కూర్చోబెట్టారు. మేడమీద సామాన్ల గదిలో నాలుగు గోడలకూ రజాయిలు వేలాడదీసి, ఫ్యాను ఆపేసి, మైకు ముందు నా చేత ముక్కలు ముక్కలుగా చెప్పించారు. "ఈశాన్య దిశ నుంచి" ఒక ముక్క. "గంటకు" ఒక ముక్క. అంకెలన్నీ ఒక్కోటి. "కిలోమీటర్ల వేగంతో గాలులు వీస్తాయి" ఇంకో ముక్క. సముద్రం తీరుకు నాలుగే మాటలు: ప్రశాంతంగా, ఓ మోస్తరు అలలతో, అలజడిగా, అల్లకల్లోలంగా. రోజూ వాతావరణం ఆఫీసు నుంచి ఫ్యాక్సు వస్తుంది, అందులోని సంగతులు మా పక్క సీటు అబ్బాయి కంప్యూటరులో ఎక్కిస్తాడు, అది నా ముక్కలను కుట్టి వాక్యం చేస్తుంది. చెమట కారిపోతూ నేను చెప్పిన మాటలు అతుకుల బొంతలా బయటికి వచ్చేవి.

చివరి ముక్క "వేటకు వెళ్ళవద్దు". మొదటిసారి మా అమ్మ మా నాన్నను కసిరినట్టే కసిరాను. అలాగే చెప్పాలి ఆ మాట. సారుకు నచ్చలేదు. కోపంగా చెప్తాండావమ్మా, వినేటోళ్ళు జడుసుకుంటారు అన్నాడు. మళ్ళీ మళ్ళీ చెప్పించాడు. ఆఖరికి పెళ్ళిలో భోజనానికి రమ్మని పిలుస్తున్నంత మెత్తగా తయారైంది. దాన్నే ఖాయం చేశాడు.

పరీక్షకు మా పేటనే తీసుకున్నారు. నీ వాళ్ళయితే తప్పులున్నా తిట్టుకోరని సారు లెక్క. మా ఒడ్డున ఉన్నది ఒకటే ఫోను, బడ్డీకొట్టతను నడిపేది. అతను దానికి ఒక చిన్న స్పీకరు తగిలించాడు. ఆ నంబరుకు చేస్తే బిల్లు పడదు. రోజూ మధ్యాహ్నం అన్నాలు తిని మగవాళ్ళంతా కొట్టు ముందు చేరేవాళ్ళట. అంతకు ముందు మా వాళ్ళకు రేడియోయే గతి. రేడియో ఏమో "కోస్తాలో అక్కడక్కడా" అనేది. అక్కడక్కడా అంటే ఎక్కడరా బాబూ అని మా నాన్న రేడియోను తిట్టేవాడు. నా గొంతు అలా కాదు, మా ఒడ్డు పేరు పెట్టి చెప్పేది. కొన్నాళ్ళు వరసగా చెప్పింది చెప్పినట్టు జరిగేసరికి అందరికీ గురి కుదిరింది. రేడియో పెట్టడం మానేశారు. బావకైతే అదొక గర్వం. మా మరదలు సెప్పిందంటే సెప్పిందే అని పేటంతా చాటేవాడు.

ఆదివారాలు నేను ఎస్టీడీ బూత్ నుంచి ఆ కొట్టుకు ఫోను చేస్తే బావ వచ్చి మాట్లాడేవాడు. ఒకసారి అడిగాడు, "మీ హైదరాబాదులో సముద్రం లేదంటావు, పెశాంతంగా అన్నప్పుడు ఎనకాల కెరటం ఇరుగుతుందేటే పిల్లా?"

అది కెరటం కాదు. నేను ఆ ముక్క చెబుతున్నప్పుడు బయట బండ పేలింది. రజాయిలు ఎంత కప్పినా ఆ మోత సన్నగా లోపలికి వచ్చింది, సారు పర్లేదులే అని వదిలేశాడు. బండ పేలుడని చెప్పాను. బావ నమ్మలేదు. కెరటమేలే, నాకు తెలీదేటి అన్నాడు.

ఇక అసలు సంగతి. వానలు వెనకపట్టి, తుపానులు పుట్టే కార్తీకం. పరీక్ష బాగా సాగిందని, ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చి ఈ ఫోను సేవను ప్రారంభిస్తాడని కబురొచ్చింది. సారు పురోహితుణ్ణి పిలిపించి ఉదయం ముహూర్తం పెట్టించాడు. గుమ్మానికి మామిడాకులు. యంత్రం ఉన్న గది కడిగి ముగ్గేశారు. కంప్యూటరుకు బంతిపూల దండ వేసి, ఎర్ర రిబ్బను కట్టారు. అధికారి రిబ్బను కత్తిరించి, ఫోను తీసి, నంబరు నొక్కుతాడు. నా గొంతు వినపడుతుంది. అంతా చప్పట్లు కొడతారు.

అక్కడే సారుకు ఒక అనుమానం పీకింది. కార్తీకం రోజులు, ఆ పూట ఫ్యాక్సు ఎలా ఉంటుందో ఏమో. తొలిసారి ఫోను తీయగానే అశుభం వినపడితే? అందుకని ముందు రోజు సాయంత్రమే పక్క సీటు అబ్బాయి చేత "సముద్రం ప్రశాంతంగా ఉంటుంది" అన్న వాక్యాన్ని బిగించి పెట్టించాడు. పొద్దున పూజ కాగానే గదికి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ముహూర్తం దాటేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, మైల పడుతుంది. మైల పడుతుందిట, కంప్యూటరుకు!

అధికారి ఉదయం రాలేదు. విమానం ఆలస్యం అన్నారు. ముహూర్తం కాస్తా దాటిపోయింది. పురోహితుడు పంచాంగం తిరగేసి, మధ్యాహ్నం వర్జ్యం ఉంది, అది వెళ్ళాక సాయంత్రం మంచిదన్నాడు. సరిగ్గా అప్పుడు ఫ్యాక్సు వచ్చింది. యంత్రం గదికి తాళం పడి, ఎక్కించే అబ్బాయికి పని లేదు కనక ఆ కాగితం నేనే చింపి చదివాను. బంగాళాఖాతంలో వాయుగుండం బలపడింది, మా తీరం వైపే వస్తోంది. ఈదురుగాలులు. సముద్రం అల్లకల్లోలం. ఎవరూ వేటకు వెళ్ళరాదు. మా వాళ్ళు మధ్యాహ్నం ఫోను విని, పాటు మొదలై నీళ్ళు వెనక్కి తీయగానే ఏటి మొగ దాటి సముద్రంలోకి వెళ్తారు. రాత్రంతా అక్కడే వలలేసుకుని ఉంటారు.

కాగితం పట్టుకుని సారు దగ్గరికి పరిగెత్తాను. ఆయన కొత్త సఫారీ వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చదివాడు. చదివి కూడా ఇలా అన్నాడు.

"శుభం పలకరా మంకెన్నా అన్నట్టుంది నీ యవ్వారం. ఆయప్ప ఫోను తీస్తానే అల్లకల్లోలం, ఎల్లొద్దు అని ఇనపడితే ఏమనుకుంటాడు? ఒక్క పూట ఓర్చుకోమ్మా. ముహూర్తం అయినాక నీ ఇష్టమొచ్చిన తుపాను పెట్టుకో."

ఇంకా ఊళ్ళకు నంబరు ఇవ్వలేదు కదా, ఎవరు వింటారు అని కూడా అన్నాడు. మా పేట వింటోంది సార్, పరీక్షకు మీరే ఇచ్చారు, రోజూ వింటున్నారు అన్నాను. ఏడ్చాను కూడా. ఆడపిల్ల ఏడిస్తే అదీ అశుభమే కదా, ఆయన ముఖం ఇంకా మాడిపోయింది. ఊళ్ళో ఉండేది ఒక్క ఫోనే అంటివి, చేసి చెప్పు, పో అన్నాడు. తాళంచెవి ఇవ్వమన్నాను. జేబుమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఉంగరాలన్నీ నవరత్నాలే.

చేశాను. ఆఫీసు ఫోను నుంచి మా ఒడ్డున కొట్టుకు చేశాను. ఎంగేజ్. మళ్ళీ చేశాను. ఎంగేజ్. వేలు నొప్పి పుట్టేదాకా చేశాను. మండలంలో చేపల శాఖ ఆఫీసుకు చేస్తే ఎవరో ఎత్తి, అంతా భోజనాలకెళ్ళారమ్మా అని పెట్టేశారు. మళ్ళీ కొట్టుకే. ఎంగేజ్. ఎవరికింత కబుర్లు, ఎవరీ దరిద్రుడు ఫోను పట్టుకు వేలాడుతున్నాడు అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరో తరవాత తెలిసింది. నేనే. మా పేట జనం నా గొంతు వింటున్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు, బిల్లు పడదు కదా, నంబరు నొక్కి నొక్కి వింటున్నారు. నేను ఇక్కడి నుంచి వద్దని అరుద్దామంటే, అక్కడ నా గొంతే నాకు దారి ఇవ్వలేదు.

లైను దొరికేసరికి కొట్టు ఖాళీ అయిపోయింది. కొట్టతను సంబరంగా మాట్లాడాడు. అంతా బాగుందన్నావు కదమ్మా, మీ బావ అందరికన్నా ముందెళ్ళాడు అన్నాడు. నేను చెప్పింది విని ఒడ్డుకు పరిగెత్తాడట పాపం. కేకలేశాడట, తువ్వాలు ఊపాడట. వెనకబడ్డ నావలు రెండు మూడు తిరిగి వచ్చాయి. ముందెళ్ళింది రాలేదు.

సాయంత్రం అధికారి వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. ఫోను తీసి నంబరు నొక్కాడు. సముద్రం ప్రశాంతంగా ఉంటుందని నేను చెప్పాను, వెనక బండ పేలింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెరీ క్లియర్ వాయిస్ అన్నాడాయన. స్వీట్లు పంచారు. ఆ తరవాత సారు తాళం తీశాడు, అబ్బాయి వాక్యం మార్చాడు. రేడియో కూడా సాయంత్రం వార్తల్లో గట్టిగానే హెచ్చరించింది. వినేవాళ్ళు ఒడ్డున ఉంటే కదా.

మర్నాటికి గాలి ఉధృతమైంది. మిగతా నావలు ఎలాగో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. బావతో వెళ్ళిన ఇద్దరిని ఒక పెద్ద బోటువాళ్ళు నీళ్ళలోంచి లాగారు. నావ ఎక్కడో దిగువన ఇసకలో తిరగబడి దొరికింది. బావ దొరకలేదు. ఈ రోజుకీ దొరకలేదు.

నేను వెళ్ళేసరికి అక్క ఇంటి ముందు అరుగుమీద కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, అక్క ఏడవడం లేదు. నన్ను చూసి కొంచెం పక్కకు జరిగి కూర్చోమని చోటిచ్చింది. "నాకు మనసొప్పక వద్దన్నానే. మీ సెల్లి పెశాంతంగా ఉంటాదని సెప్పింది కదా అని నవ్వి ఎల్లాడు."

జరిగిందంతా చెప్పాను. కసిరి చెప్పిన ముక్కను సారు మెత్తగా మార్పించడం, ముహూర్తం, తాళంచెవి, ఎంగేజ్ ఫోను, అన్నీ. అక్క విన్నది. నిన్నేమీ అనడం లేదే అంది. అనకపోవడం అంటే ఏంటో ఆ రోజు నాకు తెలిసింది.

ఇది చదివి, పిల్ల తన తప్పు ఒప్పుకుంటుందేమో అని ఎదురు చూసేవాళ్ళుంటే ఇక్కడితో ఆపేయండి. నా తప్పు లేదు. నేను ఒప్పుకోను. తప్పు ఎవరిదో వాడు ఒప్పుకోలేదు, నేనెందుకు ఒప్పుకోవాలి? సారు మా పేటకు రాలేదు, ఫోను చేశాడు. "ఏం జేస్తామమ్మా, ఆ పొద్దు వర్జ్యం తగులుకునింది. ముహూర్తం పెట్టినోనిది తప్పు" అన్నాడు. పురోహితుణ్ణి మార్చేశాడని తరవాత విన్నాను. మనిషి పోయినందుకు అంత శిక్ష వేశాడన్నమాట! ఖాజాగూడ ఇంటావిడకు సంగతి చెబితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆల్ల ముహూర్తం మన్నుల పోను అని శాపం పెట్టింది. ఆ మహానగరంలో మా బావ కోసం ఏడ్చింది ఆవిడ ఒక్కతే.

ఆ ఉద్యోగం మానేశాను. మానేసినా గొంతు వెనక్కి రాలేదు. అది కంపెనీది అన్నారు. సముద్రం పని కొన్నాళ్ళకు మూలపడింది, సారు అద్దాల భవనంలోకి మారాడు, నా ముక్కలను ఎవరెవరికో అమ్ముకున్నాడు. నేను గచ్చిబౌలిలో వేరే ఆఫీసులో చేరాను. ఏదో ఒక నంబరుకు ఫోను చేస్తాను, అవతల నేనే ఎత్తుతాను. "దయచేసి వేచి ఉండండి" అని నాకు నేనే చెప్పుకుంటాను. మొదట్లో ఒళ్ళు మండేది, తరవాత అలవాటైంది.

అక్కకు అలవాటు కాలేదు. ఎదురుగా ఉంటే నాతో బాగానే మాట్లాడుతుంది. నా ఇష్టమని చింతకాయ పచ్చడి పెట్టి పంపుతుంది. ఫోనులో మాత్రం మాట్లాడదు. నేను చేస్తే కూతురికి ఇచ్చేస్తుంది.

కొన్నేళ్ళకు కూతురి చదువు కోసం అక్క హైదరాబాదు వచ్చి నా దగ్గర కొన్నాళ్ళుంది. ఒక ఉదయం గ్యాసు అయిపోయింది. నేను స్నానానికి వెళ్తూ నంబరు చెప్పి బుక్ చేయమన్నాను. అందులో ఎవరుంటారో నాకు తట్టలేదు. బయటికి వచ్చేసరికి అక్క వంటింట్లో రిసీవరు చెవికి ఆనించుకుని అలాగే నిలబడి ఉంది. వాక్యం అయిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. నేను వెళ్ళి ఫోను పెట్టేశాను.

"అందులో ఎల్లొద్దన్న ముక్క కూడా సెప్పావు కదే, అదెక్కడుంది?" అని అడిగింది.

అది లేదక్కా అన్నాను. అంకెలు అమ్ముడుపోయాయి, దయచేసి అమ్ముడుపోయింది, ధన్యవాదాలు అమ్ముడుపోయింది. వేటకు వెళ్ళవద్దు అన్న ముక్క ఎవరికి పనికొస్తుంది, చెరిపేసి ఉంటారు. అది వినాల్సినవాళ్ళ చెవిన పడకుండానే పోయిందని నాకప్పుడే తోచింది.

సెప్పు, నేనింటాను అంది అక్క. వంటింట్లో గ్యాసు పొయ్యి పక్కన నిలబడి చెప్పాను. అలవాటు ప్రకారం మెత్తగానే వచ్చింది. అక్క తల అడ్డంగా ఊపింది. ఇలా కాదు, నువ్వు ముందు సెప్పినట్టు సెప్పు అంది. రజాయిల గదిలో నేను మొదటిసారి అన్నట్టు, మా అమ్మ మా నాన్నను కసిరినట్టు, గొంతు చించుకుని అరిచాను. ఎల్లొద్దు బావా అన్నాను. పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తీసి చూశారు.

అక్క కళ్ళు తుడుచుకుంది. "ఇలా అయితే ఆగేవోడు" అంది. తరవాత కిరసనాయిలు పొయ్యి ఎక్కడుందని అడిగింది, పిల్లకు కాలేజీ టైమవుతోందని.